చెట్ల కటింగ్‌లకు వేరు పట్టే మిశ్రమం: విశాఖ నర్సరీలవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆనందపురం, సబ్బవరం, భీమిలి, అనకాపల్లి వైపు నర్సరీ పెట్టినవాళ్లు, పెట్టబోయేవాళ్లు అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. ఈ పేజీలో 'మిశ్రమం' అంటే కటింగ్‌కు (మొక్క చేయడానికి కోసిన కొమ్మ ముక్కకు) వేరు వచ్చేదాకా అది నిలబడి ఉండే పదార్థం మాత్రమే. వేరు వచ్చాక మొక్క పెరగడానికి కవర్లలో నింపే మట్టి వేరే. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం వల్లే సగం నష్టాలు వస్తున్నాయి.

అన్నిటికంటే మంచి మిశ్రమం ఏది?

ముందు మీరు నీళ్లు ఎలా ఇస్తారో చెప్పండి. మిస్ట్ ఛాంబర్‌లో ప్రతి పదిహేను నిమిషాలకు తుంపర పడుతుంటే ముతక మిశ్రమం కావాలి. పాలిథిన్ టన్నెల్‌లో మూసి, రోజుకోసారి చూసుకునే పద్ధతైతే కొంచెం తేమ పట్టి ఉంచేది కావాలి. ఆరుబయట షేడ్ నెట్ కింద రోజ్ క్యాన్‌తో తడిపేవాళ్లకు ఇంకోటి. ఒకరి దగ్గర బాగా పనిచేసిన మిశ్రమం పక్క నర్సరీలో కుళ్లబెట్టడానికి కారణం ఇదే.

మొదలుపెట్టడానికి మూడు కొలతలు (అన్నీ పరిమాణంలో, బరువులో కాదు):

మిస్ట్ ఛాంబర్‌కు కోకోపీట్ (కొబ్బరి పీచు తీశాక మిగిలే పొట్టు) 1, పెర్లైట్ (కాల్చి ఉబ్బించిన తెల్ల రాతి గుళికలు) 1. పెర్లైట్ ఖరీదనుకుంటే దాని బదులు కడిగిన ఊక బొగ్గు.

పాలిథిన్ టన్నెల్‌కు కోకోపీట్ 3, పెర్లైట్ 1, వర్మిక్యులైట్ (కాల్చి ఉబ్బించిన పొరల ఖనిజం) 1.

ఆరుబయట పాతే గట్టి కొమ్మలకు ఎర్రమట్టి 1, ముతక ఏటి ఇసుక 2, బాగా చివికిన పశువుల గెత్తం అర పాలు.

వీటిని మీ నీళ్లకు, మీ ట్రేకు తగ్గట్టు మార్చుకోవాలి. ఎలాగో కింద ఉంది.

కటింగ్‌కు కావాల్సింది తేమే కదా? గాలి గురించి ఇంత చెప్తారెందుకు?

కోసిన చోట కణాలు బతికే ఉంటాయి. అవి గాయాన్ని మాన్చుకుని, కొత్త వేరు మొలకను తయారుచేయాలంటే ఊపిరి తీసుకోవాలి. ఆక్సిజన్ గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. మిశ్రమంలో ఖాళీలన్నీ నీటితో నిండిపోతే కటింగ్ అడుగు భాగానికి ఊపిరాడదు. ముందు గోధుమరంగుకు తిరుగుతుంది, తర్వాత నల్లబడుతుంది, ఆ పైన బూజు పని పూర్తి చేస్తుంది.

నీళ్లు కారిపోయాక కూడా మిశ్రమం మొత్తం పరిమాణంలో 20 నుంచి 30 శాతం గాలి మిగలాలి. మిస్ట్ కింద 25 దాటితే మంచిది. టన్నెల్‌లో 20 చాలు.

అనంతపురంలోనో హైదరాబాదులోనో ఎండుగాలి మిశ్రమాన్ని తొందరగా ఆరబెడుతుంది. విశాఖలో ఆ సాయం ఉండదు. జూన్ మధ్య నుంచి అక్టోబరు దాకా వానలు, ఏడాదంతా సముద్రపు తేమ. ఇక్కడ కటింగ్‌లు ఎండి చావడం తక్కువ, తడిసి చావడం ఎక్కువ. వేరే ఊరి కొలత తెచ్చుకుంటే ముందుగా కోకోపీట్ తగ్గించి, ముతక సరుకు పెంచి చూడండి.

మిశ్రమంలో గాలి ఎంత ఉందో ఇంట్లో కొలవొచ్చా?

కొలవొచ్చు. ఒక ట్రే, కొలత గ్లాసు, టేపు ఉంటే చాలు.

మీరు వాడే కుండీనో రూట్ ట్రైనర్‌నో (వేరు తిన్నగా దిగేలా చేసిన పొడవాటి ప్లాస్టిక్ కప్పు) తీసుకుని అడుగు కన్నాలకు టేపు వేయండి. నిండా నీళ్లు పోసి, ఎంత పట్టిందో కొలవండి. అది మొత్తం పరిమాణం. నీళ్లు పారబోసి ఆరబెట్టి, మిశ్రమాన్ని మీరు మామూలుగా నింపేంత గట్టిగానే నింపండి. పైనుంచి నెమ్మదిగా, బుడగలు పోయేలా నీళ్లు పోయండి. అరగంట ఆగి, దిగిన చోట మళ్లీ పోసి, పైన నీరు మెరిసేదాకా తడపండి. ఇప్పుడు టేపు తీసి కిందకు కారిన నీటినంతా ట్రేలో పట్టండి. కారడం ఆగాక ఆ నీటిని కొలవండి.

కారిన నీరు ÷ మొత్తం పరిమాణం × 100. ఒక లీటరు కుండీలో 220 మిల్లీలీటర్లు కారితే గాలి 22 శాతం. 100 వస్తే, అంటే 10 శాతం ఉంటే, ఆ మిశ్రమం కటింగ్‌లకు పనికిరాదు. పెర్లైట్ గానీ ఊక బొగ్గు గానీ ఇంకో పాలు కలిపి మళ్లీ కొలవండి.

కొలత తప్పకుండా మీరు వాడబోయే పాత్రలోనే తీయాలి. బకెట్లో తీసిన కొలత ప్రో ట్రేకు (చిన్న గుంతల నారు ట్రేకు) చెల్లదు. ఎందుకో ట్రేల ప్రశ్నలో చెప్పాం.

పిడికిలి బిగించి చూస్తే చాలదా?

రోజువారీ తడి చూసుకోవడానికి చాలు. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధార కడితే ఎక్కువైనట్టు, వేళ్లు విప్పగానే రాలిపోతే తక్కువైనట్టు. కానీ ఈ పరీక్ష ఇవాళ్టి తడినే చెబుతుంది. మిశ్రమం తత్వం తెలియాలంటే పై కొలతే గతి.

కోకోపీట్ ఒక్కటే నింపితే?

వేసవిలో టన్నెల్‌లో, తక్కువ నీళ్లిచ్చే చేతికి నడుస్తుంది. వానల్లో మిస్ట్ కింద నడవదు. తన బరువుకు ఎన్నో రెట్ల నీరు పట్టి ఉంచడమే కోకోపీట్ గొప్ప గుణం, అదే దాని తప్పు కూడా. పైగా పైన ఆరినట్టు లేత రంగులో కనిపిస్తుంది, రెండు అంగుళాల కింద చిత్తడిగా ఉంటుంది. పైరంగు చూసి నీళ్లు పోసేవాళ్లు కటింగ్‌లను ముంచేస్తారు.

గోదావరి జిల్లాల నుంచి, శ్రీకాకుళం ఉద్దానం వైపు నుంచి కొబ్బరి పీచు సరుకు అందుబాటులో ఉంది కాబట్టి అందరూ దాన్నే వాడుతున్నారు. వాడొచ్చు. మొత్తంలో మిస్ట్ కిందైతే సగానికి, టన్నెల్‌లో అయితే అయిదింట మూడు వంతులకు మించనివ్వకండి.

కోకోపీట్ కొనేటప్పుడు ఏం చూడాలి? కడగడం తప్పనిసరా?

కొబ్బరి పీచును ఉప్పునీటి కయ్యల్లో నానబెట్టి తీసే చోట పొట్టులో సోడియం మిగులుతుంది. మంచినీటిలో నానబెట్టినా కొబ్బరికి సహజంగా ఉండే పొటాషియం, క్లోరైడ్ ఉంటాయి. టానిన్లు అదనం. దిమ్మ మీద 'లో ఈసీ' అని ముద్ర ఉన్నా ఒకసారి పరీక్షించండి (ఈసీ అంటే ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత కొలత). ఒక గ్లాసు తడిపిన కోకోపీట్‌కు ఒకటిన్నర గ్లాసు ఆర్వో నీళ్లు కలిపి, గంట ఉంచి, వడకట్టి ఈసీ మీటర్ ముంచండి. 0.5 మిల్లీసీమెన్స్ లోపు ఉంటే కడగకుండా వాడొచ్చు. 1 దాటితే కడగాల్సిందే. మధ్యలో ఉంటే, మాటకొస్తే, కడిగేయడమే మేలు.

5 కిలోల దిమ్మ తడిస్తే రమారమి 65 నుంచి 70 లీటర్లు అవుతుంది. దాన్ని పెద్ద డ్రమ్ములో 25 లీటర్ల నీళ్లు పోసి ఉబ్బనివ్వండి. తర్వాత దోమతెర పరిచిన గంపలోకి ఎత్తి, పైనుంచి నీళ్లు పోస్తూ టీ రంగు నీరు పల్చబడేదాకా కడగండి. సాధారణంగా రెండు మూడు సార్లు పడుతుంది.

ఇంతటితో విడిగా ఉన్న ఉప్పు పోతుంది. పొట్టు రేణువులకు అంటి ఉన్న సోడియం, పొటాషియం మాత్రం ఉత్త నీళ్లకు వదలవు. వాటిని కాల్షియం నెట్టగలదు. 100 గ్రాముల కాల్షియం నైట్రేట్‌ను 20–25 లీటర్ల నీటిలో కరిగించి, కడిగిన పొట్టును అందులో ఒక రాత్రి నానబెట్టి, మర్నాడు మళ్లీ మంచినీళ్లతో కడిగి వార్చండి. ఈ రెండో మెట్టు ఎగ్గొడితే వేరు రావడం ఆగకపోవచ్చు గానీ, వచ్చిన వేళ్లకు కాల్షియం అందక కొత్త చిగుళ్ల కొసలు మాడతాయి.

కడగడానికి బోరు నీళ్లు వాడుతుంటే ముందు ఆ నీళ్ల ఈసీ చూడండి. ఉప్పు నీటితో ఉప్పు కడగడం వృథా.

బీచ్ ఇసుక ఉచితంగా దొరుకుతుంది కదా, కడిగి వాడొచ్చా?

వద్దు. ఉప్పు కడిగితే పోతుందేమో, సన్నదనం పోదు. మన తీరపు ఇసుక గుండ్రంగా అరిగిన సన్న రేణువులు. అవి ఒకదాని పక్కన ఒకటి చక్కగా సర్దుకుని గాలికి చోటు లేకుండా చేస్తాయి. పైగా గవ్వల పొడి ఉంటుంది కాబట్టి పీహెచ్ (పులుపు, క్షారం చెప్పే కొలత) పెరుగుతుంది. కొంచెం ఇసుక మీద వెనిగర్ పోసి చూడండి, బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టే. తీరం నుంచి ఇసుక ఎత్తడం చట్టవిరుద్ధం కూడా.

మరి ఏ ఇసుక? రోబో శాండ్ పనికొస్తుందా?

ఏటి ముతక ఇసుక, అర మిల్లీమీటరు నుంచి 2 మిల్లీమీటర్ల మధ్య రేణువులు ఉన్నది. 2 మిల్లీమీటర్ల జల్లెడలో జల్లించి కిందికి దిగినది తీసుకోండి. దాన్ని బకెట్లో వేసి నీళ్లు పోసి కలిపి, పదికి లెక్కపెట్టి పైనీరు వంచేయండి. సన్న పొడి, బురద నీటితో పోతాయి. నీరు తేటగా వచ్చేదాకా ఇలా చేయాలి. ఓపిక లేనివాళ్లు ఇక్కడే ఓడిపోతారు.

రోబో శాండ్‌లో (క్రషర్‌లో రాయి కొట్టి చేసిన ఇసుకలో) క్రషర్ పొడి చాలా ఉంటుంది. ఆ పొడి తడిసి ఆరితే సిమెంటు పలకలా బిగుస్తుంది. కడిగి పొడి మొత్తం తీయగలిగితే కోణాలున్న ఆ రేణువులు గాలిని బాగానే నిలుపుతాయి. ఇసుక దొరకని రోజుల్లో అది ఒక దారి.

ఉత్త ఇసుకలో వచ్చే వేరు పొడవుగా, కొమ్మలు లేకుండా, పెళుసుగా ఉంటుంది. పీకేటప్పుడు పుటుక్కున విరుగుతుంది. కోకోపీట్, పెర్లైట్ కలిసిన మిశ్రమంలో వచ్చే వేరు గుబురుగా పీచులా ఉండి ముద్ద కడుతుంది. అందుకే తీసి వేరే చోట నాటాల్సిన వాటికి ఉత్త ఇసుక వాడకపోవడం మంచిది. బరువు ఇంకో చిక్కు. తడి ఇసుక లీటరు కిలోన్నర పైమాటే, ట్రేలు ఎత్తే కూలీలకు తెలుస్తుంది.

ఊక, ఊక బొగ్గు, బాయిలర్ బూడిద, వీటిలో ఏది?

ఊక బొగ్గు. మన రైస్ మిల్లుల దగ్గర చవగ్గా దొరికే ఊక నుంచి పెర్లైట్‌కు ప్రత్యామ్నాయం ఇదొక్కటే.

పచ్చి ఊకలో వడ్లు మిగిలి ఉంటాయి, తడి తగలగానే మొలుస్తాయి. కుళ్లేటప్పుడు వేడెక్కి నత్రజని లాగేస్తుంది. మిల్లు బాయిలర్ నుంచి వచ్చే తెల్ల బూడిద అయితే సన్నటి పొడి, క్షారం చాలా ఎక్కువ, పీహెచ్ 9 దాటుతుంది. నల్ల బొగ్గు అని చెప్పి బూడిద అమ్మే వాళ్లున్నారు. చేతిలో నలిపితే ఊక ఆకారం విరుగుతూ కనిపించాలి, పిండిలా జారిపోకూడదు.

సొంతంగా చేసుకోవడం కష్టం కాదు. పాత నూనె డబ్బాకు చుట్టూ కన్నాలు కొట్టి, పైమూతలో రంధ్రం చేసి నాలుగడుగుల రేకు గొట్టం బిగించండి. నేల మీద చిన్న మంట వేసి దానిపై డబ్బా బోర్లించి, చుట్టూ ఊక కుప్ప పోయండి. పొగ గొట్టంలోంచి పోతుంది, లోపలి నుంచి బయటికి ఊక నల్లబడుతూ వస్తుంది. పైకి నల్ల మచ్చలు కనిపించగానే పారతో తిరగేస్తూ ఉండాలి. మొత్తం నల్లబడిందీ, ఇంకా తెల్లబడలేదూ అన్న దశలో నీళ్లు చల్లి పూర్తిగా ఆర్పి, పల్చగా పరవండి. ఒక్క నిప్పు రవ్వ మిగిలినా తెల్లారేసరికి కుప్ప బూడిదవుతుంది.

వాడే ముందు రెండు నీళ్లు కడిగితే క్షారం దిగుతుంది. తడిపిన మిశ్రమం పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. ఊక బొగ్గు సగానికి మించితే ఒకసారి పరీక్షించుకోండి.

పెర్లైట్, వర్మిక్యులైట్ ఒకటే కాదా?

కాదు. పెర్లైట్ తెల్లగా, గట్టిగా ఉండి గాలికి చోటిస్తుంది. వర్మిక్యులైట్ అభ్రకంలా పొరలు పొరలుగా ఉండి నీటిని, పోషకాలను పట్టుకుంటుంది. మిస్ట్ ఎక్కువైన చోట పెర్లైట్, నీరు తక్కువైన చోట వర్మిక్యులైట్. వర్మిక్యులైట్ తడిగా ఉన్నప్పుడు వేళ్లతో నొక్కితే పొరలు అణిగిపోయి మళ్లీ లేవవు. రెండు మూడు సార్లు వాడితే ముద్ద అవుతుంది. జామాయిల్ క్లోన్ల నర్సరీల్లో ఉత్త వర్మిక్యులైట్‌తో రూట్ ట్రైనర్లు నింపే అలవాటు చాలాకాలంగా ఉంది. మిస్ట్ వ్యవధి చక్కగా అమర్చుకున్నవాళ్లకు అది కుదిరింది.

పెర్లైట్ సంచీ విప్పేటప్పుడు ముందు నీళ్లు చల్లండి, ముక్కుకు మాస్క్ కట్టుకోండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

వర్మీకంపోస్టు కలిపితే బలం కదా?

వేరు లేని ముక్క దేనితో తింటుంది? వేరు వచ్చేదాకా అది బతికేది తనలోని నిల్వలతో, ఆకులు చేసే కాస్త ఆహారంతో. ఈ దశలో ఎరువు వల్ల వచ్చేది ఉప్పు, బూజు, దోమలు. మెత్తటి కటింగ్‌లకు అసలు వద్దు. ఆరుబయట కవర్లలోనే పాతి అక్కడే పెంచే గట్టి కొమ్మలకు మాత్రం చివికిన గెత్తం కొద్దిగా కలపొచ్చు. పచ్చి గెత్తం వేస్తే చెద పట్టి కొమ్మ తొలుస్తుంది.

వేరు పట్టాక 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న నీటిలో కరిగే ఎరువు) లీటరుకు 1 గ్రాము చొప్పున వారానికోసారి ఇవ్వండి.

ఎర్రమట్టి ఎక్కడి నుంచైనా తెచ్చుకోవచ్చా?

సొంత పొలంలోదో, అనుమతి ఉన్న క్వారీలోదో తెచ్చుకోండి. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా గుర్తించిన భూవారసత్వ స్థలం, అక్కడ పార కూడా దించకూడదు. అయినా ఆ మట్టిలో మన పనికి ప్రత్యేకమైన మహిమేమీ లేదు.

రంపపు పొట్టు, చెరకు పిప్పి, ప్రెస్‌మడ్?

అనకాపల్లి వైపు పిప్పి, ప్రెస్‌మడ్ (చెరకు రసం వడకట్టాక మిగిలే మడ్డి) తేలిగ్గా దొరుకుతాయని అడుగుతారు. వేరు పట్టించడానికి మూడూ వద్దు. పిప్పిలో మిగిలిన చక్కెర పులిసి వేడెక్కుతుంది. ప్రెస్‌మడ్‌లో లవణాలు ఎక్కువ. టేకు, వేప రంపపు పొట్టులో వేరుకు గిట్టని రసాయనాలు ఉంటాయి. మూడింటినీ కంపోస్టు గుంతలో వేసుకోండి.

ట్రే లోతుకూ మిశ్రమానికీ సంబంధమేమిటి? అడుగున కంకర వేస్తే నీరు దిగదా?

ఏ పాత్రలోనైనా నీరు కారడం ఆగాక అడుగున కొంత మందాన పూర్తి తడి పొర మిగిలిపోతుంది. ఆ మందం మిశ్రమం రేణువుల మీద ఆధారపడుతుంది, పాత్ర ఎత్తు మీద కాదు. 3 సెంటీమీటర్ల తడి పొర మిగిలే మిశ్రమాన్ని 15 సెంటీమీటర్ల కుండీలో పోస్తే పైన 12 సెంటీమీటర్లు ఊపిరాడుతుంది. అదే మిశ్రమం 4 సెంటీమీటర్ల ప్రో ట్రేలో ఉంటే కటింగ్ అడుగు సరిగ్గా బురదలో ఉంటుంది. అందుకే పొట్టి ట్రేకు ముతక మిశ్రమం కావాలి.

కుండీ అడుగున కంకర వేస్తే ఆ తడి పొర కంకర పైకి జరుగుతుందే తప్ప పోదు. అంటే కుండీని ఇంకా పొట్టి చేసుకున్నట్టే. నేల మీద కట్టిన ఇసుక మడి కింద మాత్రం 5 సెంటీమీటర్ల చిప్స్ పరచడం మంచిదే, అక్కడ నీరు పక్కకు పోవడానికి దారి కావాలి.

చెట్ల జాతులకు 90 నుంచి 150 సీసీ రూట్ ట్రైనర్లు వాడండి, నేలకు తగలకుండా స్టాండ్ మీద పెట్టండి. అడుగు కన్నం దగ్గర గాలి తగిలి వేరు కొస ఎండుతుంది, పక్క వేళ్లు పుట్టుకొస్తాయి. నున్నటి కప్పుల్లో వేరు గుండ్రంగా చుట్టుకుంటుంది. ఆ చుట్ట పదేళ్ల తర్వాత కూడా విడిపోదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊళ్లో ఎన్ని చెట్లను కూల్చిందో చూసినవాళ్లు వేరు చుట్టుకున్న మొక్కను చవగ్గా వస్తుందని కొనరు.

ఏ చెట్టుకు ఏ మిశ్రమం?

జామాయిల్: తల్లిమొక్కను నరికితే వచ్చే లేత కొమ్మల నుంచి రెండాకుల ముక్క, ఆకు సగానికి కత్తిరించి. వర్మిక్యులైట్ గానీ కోకోపీట్–పెర్లైట్ సమపాళ్లు గానీ. మిస్ట్ కింద 3–4 వారాలు.

సరుగుడు: 10 సెంటీమీటర్ల లేత రెమ్మలు, టన్నెల్‌లో, 3:1:1 మిశ్రమం. ఇక్కడ చాలామంది మరిచేది ఒకటుంది. సరుగుడు వేళ్లలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి బుడిపెలు కట్టి గాలిలోని నత్రజనిని అందిస్తుంది. శుభ్రమైన మిశ్రమంలో అది ఉండదు. కవర్లలోకి మార్చేటప్పుడు పాత, ఆరోగ్యమైన సరుగుడు చెట్ల వేరు బుడిపెలు నూరి నీటిలో కలిపి పోస్తే మొక్క పచ్చబడుతుంది.

మర్రి, జువ్వి, రావి: కోసిన చోట పాలు కారడం ఆగేదాకా నీళ్లలో కడిగి, అరగంట నీడన ఆరనిచ్చి, ఇసుక ఎక్కువున్న మిశ్రమంలో పాతాలి. మర్రి సులువు, రావి మొండి.

గంగరావి, గ్లిరిసిడియా, బాడిద: ముదురు కొమ్మ దేంట్లో పాతినా వస్తుంది. వీటి మీద పెర్లైట్ ఖర్చు పెట్టకండి.

మునగ: మణికట్టు లావున్న కొమ్మ, ఇసుక కలిసిన ఎర్రమట్టి. వానల్లో నీరు నిలిస్తే వారంలో కుళ్లుతుంది.

దేవగన్నేరు: కోసిన కొమ్మను వారం నీడలో పడేసి, గాయం ఆరాక ఉత్త ముతక ఇసుకలో. ఆకులొచ్చేదాకా నీళ్లు పిసినారిగా ఇవ్వాలి.

దానిమ్మ: పెన్సిల్ లావు ముదురు కొమ్మ, 20–25 సెంటీమీటర్లు, మూడింట రెండు వంతులు లోపలికి.

కానుగ: మధ్యరకం ముదురు కొమ్మ, కోకోపీట్–ఊక బొగ్గు, హార్మోన్‌తో.

జామకు గాలి అంటు సులువు. మామిడి, జీడికి అంటుకట్టడమే. వేప, చింత ముదురు చెట్ల కొమ్మలతో ప్రయాసపడకండి, మిశ్రమం ఎంత బాగున్నా ఈ జాతుల్లో ముదిరిన కణం సులువుగా వేరు పెట్టదు.

హార్మోన్ మోతాదు?

ఐబీఏ (వేరు పుట్టించే హార్మోన్) పొడి మెత్తటి కొమ్మకు 1,000–2,000 పీపీఎం, సరుగుడుకు 2,000–4,000, జామాయిల్‌కు 4,000–6,000. కిలో టాల్కమ్‌లో 1 గ్రాము ఐబీఏ అంటే 1,000 పీపీఎం. ఐబీఏ నీటిలో కరగదు, ముందు స్పిరిట్‌లో కరిగించి, టాల్క్‌తో ముద్దగా కలిపి, నీడన ఆరబెట్టి, పొడి చేయాలి.

పుల్లతో ముందు కన్నం చేసి అందులో కటింగ్ పెట్టండి. నేరుగా గుచ్చితే పొడి అంతా పైనే రాలిపోతుంది. మెత్తటి ముక్కకు 2–3 సెంటీమీటర్ల లోతు చాలు.

మిశ్రమాన్ని శుద్ధి చేయాలా?

కొత్త పెర్లైట్, వర్మిక్యులైట్, తాజా ఊక బొగ్గుకు అక్కర్లేదు, అవి నిప్పులోంచి వచ్చినవే. ఇసుక, మట్టి, పాత కోకోపీట్‌కు కావాలి. ఏప్రిల్, మే నెలల్లో తడిపిన మిశ్రమాన్ని 10–15 సెంటీమీటర్ల మందాన పరిచి, రంగు లేని పారదర్శక పాలిథిన్ అంచులు మట్టితో మూసి 4–6 వారాలు ఉంచండి. నల్ల షీటు వద్దు, వేడి షీటు దగ్గరే ఆగిపోతుంది. పొడి మిశ్రమమూ వద్దు, తడి ఉంటేనే వేడి లోపలికి దిగుతుంది. తొందరగా కావాలంటే డ్రమ్ములో ఆవిరి పట్టి, లోపల 65–70 డిగ్రీలు అరగంట నిలపండి.

చల్లారాక ట్రైకోడెర్మా (కుళ్లు తెచ్చే బూజును అణిచే మేలైన బూజు) 100 లీటర్ల మిశ్రమానికి 100–200 గ్రాములు కలపొచ్చు. కలిపిన తర్వాత వెంటనే కార్బెండజిమ్ అనే బూజు మందు పోస్తే దాన్నే చంపుకున్నట్టు.

బోరు నీళ్లతో ఇబ్బందా?

తీరానికి దగ్గరి బోర్లలో ఉప్పు చేరుతోంది. నీటి ఈసీ 0.75 లోపు ఉంటే నిశ్చింత. అంతకు మించితే మిశ్రమం పైన, ట్రే అంచుల్లో తెల్ల పొర కడుతుంది, ఆకు అంచు మాడుతుంది. మిస్ట్ నాజిళ్లు కూడా పూడుకుపోతాయి. వాన నీళ్లు ట్యాంకులో పట్టుకుని, వేసవిలో బోరు నీళ్లతో సగం సగం కలిపి వాడే నర్సరీలకు ఈ బాధ తక్కువ.

వెయ్యి కటింగ్‌లకు ఎంత సరుకు కావాలి?

100 సీసీ రూట్ ట్రైనర్లయితే నికరంగా 100 లీటర్లు. నింపి తడిపాక అణుగుతుంది కాబట్టి 115 లీటర్లు సిద్ధం చేసుకోండి. 65 లీటర్ల కోకోపీట్, 65 లీటర్ల ఊక బొగ్గు కలిపితే 130 రాదు. సన్న రేణువులు ముతక వాటి సందుల్లో దూరి పదోవంతు తగ్గి 117 దగ్గర తేలుతుంది. అంటే ఒక 5 కిలోల దిమ్మ, తడిపాక దానంత పరిమాణంలో ఊక బొగ్గు.

కటింగ్‌లు పోతున్నాయి. మిశ్రమమే కారణమని ఎలా తెలుస్తుంది?

పీకి అడుగు చూడండి.

అడుగు నల్లగా, మెత్తగా, వాసనొస్తుంటే గాలి లేదు. నీళ్లు తగ్గించండి, తర్వాతి విడతకు మిశ్రమం ముతక చేయండి. పిథియం తగిలి ఉంటే కార్బెండజిమ్ పనిచేయదు, అది ఆ జాతి బూజును పట్టుకోలేదు. మెటలాక్సిల్–మాంకోజెబ్ లీటరుకు 2 గ్రాములు పోయాలి. కుళ్లిన ముక్కలు అదే రోజు ఏరేయండి.

అడుగు తెల్లగా, గట్టిగా ఉంది, ఆకులు మాత్రం వాడాయంటే మిశ్రమం తప్పు కాదు. గాలిలో తేమ తక్కువ, లేదా టన్నెల్ ఎక్కడో చిరిగింది.

పెద్ద గడ్డలా కాలస్ (గాయం మానేటప్పుడు వచ్చే కణాల ముద్ద) కట్టి వేరు రాకపోతే పీహెచ్ చూడండి. 7 దాటి ఉంటే బూడిదో, గవ్వ ఇసుకో, బోరు నీళ్ల క్షారమో.

ముక్క బాగానే ఉంది గానీ ఊగుతోంది అంటే నింపడం వదులైంది. పెట్టాక ఒకసారి నీళ్లు పోసి మిశ్రమం చుట్టూ సర్దుకునేలా చేయాలి, బొటనవేలితో తొక్కకూడదు.

పైన పచ్చ పాచి, చిన్న నల్ల దోమలు ఉంటే పైపొర ఎప్పుడూ తడిగా ఉంటున్నట్టు. అర సెంటీమీటరు ముతక ఇసుక పైన చల్లి, పసుపు జిగురు అట్టలు కట్టండి.

ట్రేలో ఒక మూలే పోతున్నాయా? నాజిల్ కింద మూలేమో చూడండి. మిశ్రమాన్ని తిట్టే ముందు మిస్ట్ సమానంగా పడుతోందో లేదో ఖాళీ గ్లాసులు పెట్టి చూసుకోవాలి.

చిగురు వచ్చింది, వేరు వచ్చినట్టేనా?

కాదు. మునగ, గంగరావి, దానిమ్మ కొమ్మలు నిల్వ ఆహారంతోనే చిగురిస్తాయి. మెల్లగా పైకి లాగండి, పట్టు తగిలితే వేరుంది. ట్రైనర్ అడుగు కన్నంలో తెల్ల కొస కనిపిస్తే ఇంకా మంచి గుర్తు. మిశ్రమం ముద్దగా ఊడివచ్చేదాకా కవరులోకి మార్చకండి. మార్చాక వారం పది రోజులు 50 శాతం షేడ్ నెట్ కింద ఉంచి, నీటి వ్యవధి పెంచుకుంటూ పోండి.

తుఫాను రోజుల్లో కరెంటు పోతే మిస్ట్ ఆగిపోతుంది. అప్పుడు?

ముతక మిశ్రమం పెట్టుకున్నవాళ్లకే ఈ భయం. హుద్‌హుద్ తర్వాత నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరు, నవంబరుల్లో మిస్ట్ ఛాంబర్‌లోనే కమ్మీలు వంచి పాలిథిన్ కప్పుకునే ఏర్పాటు సిద్ధంగా ఉంచండి. హెచ్చరిక రాగానే ట్రేలు నేల మీదకు దించి, ఒకసారి బాగా తడిపి మూసేస్తే, పైన నీడ ఉన్నంతవరకు మూడు నాలుగు రోజులు ఆగుతాయి. వీపు స్ప్రేయర్ ఒకటి నిండా నింపి ఉంచుకోండి. ఈ భయంతో ఏడాదంతా కోకోపీట్ పెంచుకోవడం మాత్రం వద్దు.

వాడిన మిశ్రమం మళ్లీ వాడొచ్చా?

ఇసుక, పెర్లైట్ కడిగి, ఎండపెట్టి, పైన చెప్పినట్టు శుద్ధి చేసి వాడొచ్చు. కోకోపీట్ ఒక విడతకే. రెండోసారికి అది నలిగి సన్నమై గాలి నిలపదు. దాన్ని కవర్ల మట్టిలో కలుపుకోండి. కుళ్లు వచ్చిన ట్రేలోని మిశ్రమం దేనిలోనూ కలపకుండా నర్సరీ బయట పారేయండి. ఆ ట్రేలను లీటరుకు 10 మిల్లీలీటర్ల బ్లీచ్ కలిపిన నీటిలో పావుగంట ముంచి, కడిగి, ఆరబెట్టాకే మళ్లీ నింపండి.